రెండో భాగం కొన్న పాపం ఎవరిది?

నేను సొంత డబ్బుతో కొన్న మొట్టమొదటి ‘తర్వాతి భాగం’ పద్నాలుగో భాగం. నవ్వకండి. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

1999 వేసవి సెలవులు. మాది తెనాలి. మా పెదనాన్నగారబ్బాయి శీనూ, నేనూ నెలన్నరపాటు ఐస్‌ఫ్రూట్లు మానేసి కూడబెట్టిన నూట యాభై రూపాయలు జేబులో కుక్కుకుని, ప్యాసింజరు బండెక్కి బెజవాడ వెళ్ళాం. బీసెంటు రోడ్డులో ఒక తోపుడుబండి మీద పసుపుపచ్చని వీడియో గేము కేసెట్టు. దాని మీద మన మీసాల మారియో. ఆయన పక్కన బొద్దుగా ‘14’ అనే అంకె! మొదటి మారియోని మేమప్పటికే అరగదీసి వదిలిపెట్టాం. రాకుమారిని ఎన్నిసార్లు విడిపించామో లెక్కలేదు. ఒకటే అంత బావుంటే పద్నాలుగు ఇంకెంత బావుండాలి? బేరం కూడా ఆడలేదు. ఆడితే బండివాడు మనసు మార్చుకుంటాడేమోనని భయం.

తిరుగు బండిలో శీను ఆ కేసెట్టుని నాలుగైదుసార్లు పెట్టెలోంచి తీసి చూసుకున్నాడు. ఇంటికొచ్చి, టీవీ వెనక తీగ గుచ్చి, కేసెట్టు అడుగున ఉఫ్ఫని వూది (వూదకపోతే అది పట్టదు, ఆ తరం వాళ్ళకి తెలుసు) స్విచ్చి వేస్తే... అదే మారియో. అవే ఇటుకలు. అవే తాబేళ్ళు. అదే వాయిద్యం. తేడా ఏమిటయ్యా అంటే మారియో చొక్కా రంగు మారింది. అంతే!

అప్పుడు మేమిద్దరం ఏం చేశామనుకున్నారు? ఏడ్చామా? బెజవాడ వెళ్ళి బండివాడి కాలరు పట్టుకున్నామా? అబ్బే! మర్నాడు పొద్దున్నే వీధంతా టాంటాం వేశాం, ‘మారియో పద్నాలుగు తెచ్చాం’ అని. ఎలా వుందిరా అని అడిగినవాడికల్లా ‘అదిరిపోయింది’ అని చెప్పాం. ఆ మాట నమ్మి మా వీధిలోనే ఇద్దరు పిల్లలు బెజవాడ వెళ్ళి అదే కేసెట్టు కొనుక్కొచ్చారు. వాళ్ళూ అదిరిపోయిందనే అన్నారు.

బండివాడు మోసగాడు, అందులో సందేహం లేదు. కానీ ఆ తర్వాతి రెండు కేసెట్లూ వాడికి అమ్మిపెట్టింది ఎవరు?

ఈ పాత గోల ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే...

కొంటున్నది మీరేగా!

సినిమాల్లో ఇప్పుడు రెండో భాగాల కాలం నడుస్తోంది గదా. ఆటల లోకంలో ఈ జబ్బు ఎప్పట్నుంచో వుంది. జబ్బు అనడం తప్పేమో, అలవాటు అందాం. ఒక ఆట పేరు తెచ్చుకుంటే చాలు, దానికి రెండు, మూడు, నాలుగు. కొన్నిటికయితే పంచాంగంలాగా ఏటా ఒకటి. వాటిల్లో ఏదైనా పలుకుపలుగ్గా వుడికీ వుడక్కుండా వచ్చిందనుకోండి, ఆడేవాళ్ళంతా కలిసి కంపెనీని దుమ్మెత్తిపోస్తారు. ఆశపోతులంటారు, దోపిడీదార్లంటారు. సరిగ్గా అప్పుడే వెనక బెంచీలోంచి ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని, ‘అయ్యా, విడుదలకి ముందే డబ్బు కట్టి మరీ కొంటున్నది మీరేగా? మీరు కొనడం మానేస్తే వాళ్ళే దారికొస్తారుగా?’ అని ఒక పుల్ల విరిచి పడేస్తాడు.

ఆ పెద్దమనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. జేబుకి చిల్లు పడి ఏడుస్తున్న వాడి దగ్గరకొచ్చి, ‘నీ జేబేగా’ అనడం ఏం న్యాయం? మూడేళ్ళ కిందటి దాకా నా వాదన ఇదే. ఆ తర్వాత మా ఇంట్లోనే ఒక చిన్న సంఘటన జరిగింది.

మేనల్లుడి మూడు వేల అయిదు వందలు

మా అక్క కొడుకు. అసలు పేరు వేస్తే వాడు వూరుకోడు, బుజ్జిగాడు అనుకోండి. అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసి కూర్చున్నాడు. నేను హైదరాబాదులో వుంటూ ఏ పత్రిక ఏదడిగితే అది రాసిపెట్టి బతుకుతున్న వాణ్ణి. సినిమాలు, సెల్‌ఫోన్లు, ఆటలు, అన్నీ నా ఖాతాలోవే. ఒక ప్రసిద్ధమైన ఆటకి రెండో భాగం రాబోతోంది. ఏ ఆట అని అడక్కండి, చెప్పను. దాని మీద ముందుగానే ఒక వ్యాసం కావాలని ఒక పత్రికవారు అడిగారు.

ఆ ఆట నేను ఆడలేదు. ఆడడానికి అది ఇంకా రాందే! నా దగ్గరున్న సరుకల్లా రెండున్నర నిమిషాల ట్రైలరూ, కంపెనీవారి ప్రకటన కాగితమూ, మొదటి భాగం మీద నాకున్న వల్లమాలిన ప్రేమానూ. ఈ మూడూ కలిపి రుబ్బి పేజీన్నర వడ్డించాను. ‘ఈ ఏడు కుర్రకారుకి నిద్ర కరువే’ అని ముగించినట్టు గుర్తు. ఆ వాక్యానికి నాలో నేనే మురిసిపోయాను కూడా.

బుజ్జిగాడు ఆ పేజీ కత్తిరించి దాచుకున్నాడు. మామయ్య రాశాడు మరి! అమ్మమ్మ ఇచ్చిన రెండు వేలు, సంక్రాంతికి పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణాలు పెట్టి సంపాదించినవీ కలిపి మూడు వేల అయిదు వందలు పోగుచేశాడు. వాడికి కార్డు లేదు. నా కార్డు మీద నేనే కట్టాను, ఆట విడుదల కావడానికి మూడు వారాల ముందే. నోట్లు లెక్కపెట్టి నా చేతిలో పెడుతుంటే ‘మొదటి రోజే ఆడేస్తావురా’ అని వీపు తట్టాను.

ఆట వచ్చింది. రాత్రంతా దిగుమతి అయింది. మొదటి గంట పండగ. ఆ తర్వాత నడుస్తున్న మనిషి నేలలోకి దిగబడిపోవడం, మాట్లాడుతున్న మనిషి నోరు కదలకపోవడం, ఆట ఆటంతా కట్టెలా బిగుసుకుపోయి కంప్యూటరు ఆపేసి మళ్ళీ వేసుకోవాల్సి రావడం. అవి మరమ్మతు చేస్తారనుకున్నా, కథలో కొత్తదనం మరమ్మతు చేసేది కాదుగదా. మొదటి భాగాన్నే తిరగేసి కుట్టారు. చొక్కా రంగు మారింది, అంతే! వాపసు అడుగుదామంటే ఆడిన గంటలు గడువు దాటిపోయాయట. ఆ గంటల్లో సగం మళ్ళీ మళ్ళీ మొదలెట్టడానికే పోయాయన్న సంగతి ఎవరికి పట్టింది?

నాలుగో రోజు బుజ్జిగాడు ఫోన్ చేశాడు. అరుస్తాడనుకున్నాను. అరిచినా బావుండేది.

‘‘మామయ్యా, నీకు నచ్చిందా?’’

‘‘నేనింకా ముట్టుకోలేదురా, పనుల్లో వున్నా’’ అన్నాను. అబద్ధం. ఆడాను. నాకూ నచ్చలేదు. ‘‘మొదట్లో అలాగే వుంటుందిట. పోనుపోను అందుకుంటుందిట’’ అని కూడా అన్నాను. ఆ ‘ట’ చూశారూ, అది మా వృత్తిలో వాళ్ళ ఆయుధం.

నా వ్యాసానికి ముట్టింది పదిహేను వందలు. వాడికి పోయింది మూడు వేల అయిదు వందలు. ఈ లెక్క వేసుకున్న రాత్రే వెనక బెంచీ పెద్దమనిషి మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఈసారి ఒళ్ళు మండలేదు. భయమేసింది.

అభిమాని తరఫు వకాల్తా

అయినా సరే, అభిమానిని బోనెక్కించే ముందు వాడి వైపు మాట వినాలి. కొనేవాడికి ముందుగా ఎలా తెలుస్తుంది చెప్పండి?

సినిమావాళ్ళకి బాగా తెలిసిన కథ ఒకటుంది. 1982లో స్పీల్‌బర్గ్ ‘ఈ.టీ.’ లోకాన్ని ఊపేసింది. ఆ పేరుతో ఆట తయారుచేయడానికి అటారీ కంపెనీ హక్కులు కొంది. క్రిస్మస్ అమ్మకాలకి అందించాలి. హోవార్డ్ స్కాట్ వార్షా అనే యువకుడికి ఆ పని అప్పగించారు. ఇచ్చిన గడువెంతో తెలుసా? సుమారు అయిదు వారాలు! మన దగ్గర పాట రిహార్సల్‌కే అంత పడుతుంది. ఆ వార్షా సామాన్యుడు కాడు, అంతకు ముందు ‘యార్స్ రివెంజ్’ లాంటి మంచి ఆట చేసినవాడు. కానీ అయిదు వారాల్లో బ్రహ్మదేవుడు మాత్రం ఏం చేస్తాడు? ఆటలో ఈ.టీ. పాపం అడుగడుక్కీ గోతిలో పడతాడు. ఎక్కించి నడిపిస్తే మళ్ళీ గోతిలోకే. చివరికి అమ్ముడుపోనివీ తిరిగొచ్చినవీ కేసెట్లని మిగతా సరుకుతో కలిపి 1983లో న్యూ మెక్సికోలోని అలమగోర్డో దగ్గర చెత్త పోసేచోట గొయ్యి తీసి పాతిపెట్టారు. 2014లో తవ్వితే నిజంగానే బయటపడ్డాయి. గోతిలో పడే ఆటకి చివరికి గొయ్యే గతి అయింది!

ఆ క్రిస్మస్‌కి చెట్టుకింద ఆ పెట్టె విప్పిన అమెరికా పిల్లాడిది తప్పా? వాడు అయిదు వారాల సంగతి ఎక్కడ విన్నాడు? వాడికి తెలిసిందల్లా సినిమా హాల్లో కళ్ళు తుడుచుకోవడమే.

ఇంకో సంగతి. సినిమాల్లో రెండో భాగం అంటే అనుమానించడం తెలివైన పని కావచ్చు. ఆటల్లో అలా కాదు, చాలాసార్లు రెండోదే బావుంటుంది! దానికి కారణం కూడా వుంది. మొదటి ఆటకి పుణ్యకాలమంతా యంత్రాంగం తయారుచేయడంతోనే సరిపోతుంది. మనిషి ఎలా గెంతాలి, గోడ ఎలా పాకాలి, వెలుతురు ఎక్కడినుంచి పడాలి... అవన్నీ కుదిరేసరికి డబ్బూ ఓపికా అయిపోతాయి. రెండోసారి ఆ యంత్రాంగం చేతిలో సిద్ధంగా వుంటుంది కాబట్టి ఆట మీద మనసు పెట్టొచ్చు. 1991లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’ ముందు మొదటిదాన్ని తలుచుకునేవాడే లేడు. 2009లో ‘అసాసిన్స్ క్రీడ్ 2’ అంతే. మా కాలేజీ రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్లని పోషించిన ‘వైస్ సిటీ’ కూడా 2001 నాటి ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో 3’ వెనకాల ఏడాదికే వచ్చిందే! కాబట్టి రెండో భాగం మీద ఆశపెట్టుకున్న కుర్రాడు వెర్రివాడు కాడు. వాడి అనుభవమే వాడికి ఆ ఆశ నేర్పింది.

పోనీ, విమర్శ చదివి కొనుక్కోవచ్చుగా అంటారా? 2014 నవంబరులో యూబీసాఫ్ట్ వారి ‘అసాసిన్స్ క్రీడ్ యూనిటీ’ విడుదలైంది. ఫ్రెంచి విప్లవం నాటి పారిస్ నగరాన్ని ఇటుక ఇటుకా పేర్చి కట్టారు. అర్ధరాత్రి అమ్మకాలు మొదలయ్యాయి. అమెరికాలో విమర్శకుల సమీక్షలు వెలువడడానికి అనుమతి ఎప్పుడిచ్చారో తెలుసా? మధ్యాహ్నం పన్నెండింటికి! అంటే కొనాల్సినవాళ్ళు కొనేసి ఓ నిద్ర తీసి లేచిన తర్వాత. ఈలోగా కొందరి కంప్యూటర్లలో పాత్రల ముఖం చర్మం మాయమై ఉత్త కళ్ళూ పళ్ళూ కనిపించి పిల్లలు జడుసుకున్నారు. ఆ ఫొటోలు మీరూ చూసే వుంటారు. నెల తిరక్కుండానే కంపెనీవారు క్షమాపణ చెప్పి, అదనపు భాగం అందరికీ ఉచితంగా ఇచ్చి, దానికి ముందుగానే డబ్బు కట్టినవాళ్ళకి వేరే ఆట ఒకటి ఇచ్చారు.

మొదటి ఆట టిక్కెట్లు తెంచేదాకా హాలు తలుపులకి తెర కట్టి వుంచితే, లోపలికెళ్ళిన ప్రేక్షకుణ్ణి ‘ఎందుకెళ్ళావ్’ అని ఎలా అడుగుతాం?

చప్పట్ల బాకీ

ఇక్కడే నాకు అసలు సంగతి తట్టింది. ‘యూనిటీ’ని అంతమంది ఎందుకు కొన్నారు? దాన్ని చూసి కాదు. అంతకు ముందు ఏడాది, 2013లో, ‘బ్లాక్ ఫ్లాగ్’ అనే సముద్రపు దొంగల ఆట వచ్చింది. అది ఆడి మైమరచిపోయిన వాళ్ళు, ఆ ఆనందానికి బదులుగా దీన్ని కొన్నారు.

రెండో భాగానికి మొదటి వారం రాలే డబ్బు రెండో భాగానిది కాదు. మొదటి భాగానికి మనం బాకీపడ్డ చప్పట్లు. మన హీరోల సినిమాలకి తెల్లారకుండా హాళ్ళ ముందు మూగే జనం సంగతి మీకు నేను చెప్పాలా? ఆ పొద్దున ఎగరేసిన కాగితం ముక్కలు ఎదురుగా తెరమీదున్న సినిమాకా? కిందటి సినిమాకీ, దానికి కిందటి సినిమాకీ కలిపి. ఎదురుగా వున్న సినిమాకి జవాబు రెండో వారం చెబుతారు.

ఆటలకి చిక్కెక్కడొచ్చిందంటే వాటికి రెండో వారంతో అంత పని లేదు. సినిమా టిక్కెట్టు రెండు మూడు వందలు, ఆటకి వేలల్లో. మొదటి వారంలోనే సింహభాగం వచ్చిపడుతుంది. మనం తిట్టడం మొదలెట్టేసరికి వాళ్ళ లెక్కల పుస్తకంలో గీత గీసేసి వుంటారు. ఆ పుస్తకంలో ‘ఎంతమంది కొన్నారు’ అన్న గడి వుంటుంది గానీ, ‘ఎంతమంది నిట్టూర్చారు’ అన్న గడి వుండదు.

మరి మన కోపం ఎక్కడికి పోతుంది? అది తర్వాతి ఆట నెత్తిన పడుతుంది! 2015లో అదే వరుసలో ‘సిండికేట్’ వచ్చింది. విక్టోరియా రాణి కాలపు లండన్, ముచ్చటైన అక్కాతమ్ముళ్ళు కథానాయకులు, నా లెక్కన చక్కని ఆట. మొదటి వారం అమ్మకాలు తగ్గాయి. ‘యూనిటీ’ దెబ్బ దీనికి తగిలిందని కంపెనీ ఆర్థిక వ్యవహారాలు చూసే పెద్దే ఒప్పుకున్నాడు. 2016లో ఆ వరుసలో పెద్ద ఆట వేయకుండా విరామం తీసుకుని, 2017లో ‘ఆరిజిన్స్’తో తిరిగొచ్చారు. చూశారా, అభిమాని ఓటు పనిచేయకపోలేదు. ఒక ఆట ఆలస్యంగా చేరింది, వేరే వాళ్ళ చిరునామాకి చేరింది.

(అన్నట్టు, 2019 ఏప్రిల్‌లో పారిస్‌లోని నోట్రడామ్ చర్చి తగలబడినప్పుడు ‘యూనిటీ’ని వారంపాటు వుచితంగా ఇచ్చారు. తిట్టినవాళ్ళే ఆ చర్చి మెట్లెక్కి, గోపురం పాకి, మంచి మాటలు రాసి వెళ్ళారు. ఆటల జాతకాలు కూడా విచిత్రంగా వుంటాయి.)

బహిష్కరణ వీరులు

అభిమాని తరఫున ఇంతసేపు మాట్లాడాను గనక, ఇప్పుడు ఎదురుపక్షం వాదన కూడా నిజాయితీగా చెప్పాలి. అది బలంగా వుంది.

2009లో ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మోడరన్ వార్‌ఫేర్ 2’ వస్తోందనగా, కంప్యూటర్ మీద ఆడేవాళ్ళు తమ సొంత సర్వర్లు పెట్టుకుని ఆడుకునే వీలు ఈసారి వుండదని తేలింది. అంతవరకూ అనుభవించిన సౌకర్యం పోయింది. నిప్పులు కక్కారు. స్టీమ్ అనే ఆటల అంగట్లో ‘ఈ ఆటని బహిష్కరిస్తాం’ అని ఒక సంఘమే పెట్టారు. భీషణ ప్రతిజ్ఞలు! నవంబరు 10న ఆట విడుదలైంది. స్టీమ్‌లో ఒక తిరకాసుంది. ఎవరు ఏ ఆట ఆడుతున్నారో వాళ్ళ పేరు కిందే అందరికీ కనబడుతుంది. ఎవడో చమత్కారి ఆ రోజు బహిష్కరణ సంఘం సభ్యుల పట్టీని ఫొటో తీసి లోకం మీదికి వదిలాడు. ఏ పేరు కింద చూసినా ‘మోడరన్ వార్‌ఫేర్ 2’, ‘మోడరన్ వార్‌ఫేర్ 2’, ‘మోడరన్ వార్‌ఫేర్ 2’!

మొదటి ఇరవైనాలుగు గంటల్లో ఉత్తర అమెరికా, బ్రిటన్ కలిపి సుమారు 47 లక్షల కాపీలు, 31 కోట్ల డాలర్లు. ఆనాటి మారకం లెక్కన పద్నాలుగు వందల కోట్ల రూపాయల పైమాటే. ఆట చెడ్డదేం కాదు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. కానీ ఇలాంటి లెక్క చూసిన కంపెనీవాడు అభిమాని కోపాన్ని మళ్ళీ ఎందుకు పట్టించుకోవాలి? కోపం వచ్చినవాడే వరసలో ముందు నిలబడి వున్నాడే!

2022 నవంబరులో ‘పోకెమాన్ స్కార్లెట్’, ‘వయొలెట్’ వచ్చాయి. నత్తనడక నడిచాయి, మనుషులు గోడల్లోకి దూరిపోయారు, నెల తిరక్కుండానే నింటెండో వారు నొచ్చుకుంటున్నామని చెప్పాల్సి వచ్చింది. మరి అమ్మకాలో? మూడు రోజుల్లో కోటి! అంతకు ముందు తమ ఆటల్లో ఏదీ మొదటి మూడు రోజుల్లో అంత అమ్ముడుపోలేదని వాళ్ళే ప్రకటించారు. ఆ డిసెంబరు వెళ్ళేసరికి రెండు కోట్లు దాటింది. ఆ కోటిమందిలో పోకెమాన్ బొమ్మలతో పెరిగిన వాళ్ళెంతమందో! చిన్నప్పటి స్నేహితుడు అప్పడిగితే పత్రం రాయించుకుంటామా?

కానీ ముందస్తు కొనుగోలు సంగతే నాకు బొత్తిగా మింగుడుపడదు. పూర్వం ఆటలు డిస్కుల్లో వచ్చేవి, అంగడికి పాతికో యాభయ్యో పంపేవారు, ఆలస్యమైతే దొరకవు. ముందు చెప్పి వుంచుకోవడంలో అర్థముంది. ఇప్పుడో? ఆట తీగల మీద దిగుమతి అవుతుంది. అయిపోవడం అంటూ లేదు. వెయ్యిమంది కొన్నా కోటిమంది కొన్నా చివరివాడికీ దొరుకుతుంది. అయిపోని సరుకుకి మూడు వారాల ముందు డబ్బు కట్టడం అంటే, నదిలో నీళ్ళకి చీటీ రాయించుకోవడం లాంటిది. బుజ్జిగాడి విషయంలో ఆ చీటీ రాయించింది నేనే, అది వేరే సంగతి.

అలాగని అభిమాని ఎప్పుడూ చేతగానివాడేం కాదు. 2017లో ‘స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2’లో పేరున్న పాత్రలు కావాలంటే గంటలకొద్దీ చాకిరీ చేయాలనీ, జూదంలాంటి పెట్టెలు కొనుక్కుంటే ముందుకెళ్ళొచ్చనీ తెలిసింది. కంపెనీవారు రెడిట్‌లో ఇచ్చిన సంజాయిషీకి ఆరు లక్షల పైచిలుకు మంది ‘వద్దు’ అని వేలు దించారు. విడుదల ముందురోజే ఆ కొనుగోళ్ళు ఆపేశారు. తిట్టడం వల్ల కాదు, అమ్మకాల ముందు తిట్టడం వల్ల. అక్కడుంది కిటుకు.

కానీ అదే ఏడు మార్చిలో ‘మాస్ ఎఫెక్ట్ ఆండ్రోమెడా’ గతి కూడా చూశాను. బొమ్మల ముఖాలు కొయ్యముఖాల్లా వున్నాయని లోకమంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆగస్టుకల్లా ఒంటరిగా ఆడే కథకి ఇక మరమ్మతులు లేవన్నారు, దాన్ని తయారుచేసిన మాంట్రియల్ శాఖని ఇంకోదాంట్లో కలిపేశారు. గడువులు పెట్టిన దొరలకి దాని సెగ ఎంత తగిలిందో గానీ, రాత్రిళ్ళు కూర్చుని ఆ ముఖాలకి రెప్పలు అతికించిన కుర్రాళ్ళని తలుచుకుంటే ఆ నవ్వు ఇప్పుడు గొంతులో అడ్డుపడుతుంది.

పాపంలో వాటా

ఇంతకీ అభిమానికి పాపంలో వాటా వుందా, లేదా?

మోసపోవడం తప్పు కాదు. ఆ మాట మీద నేనిప్పటికీ నిలబడతాను. ఇష్టపడ్డదాని తర్వాతి భాగం కొనుక్కోవడం పాపమైతే ఈ భూమ్మీద అభిమానం అనేదే వుండకూడదు. కానీ మోసపోయిన తర్వాత ఏం చేశాం? నేనూ శీనూ వీధిలో ‘అదిరిపోయింది’ అన్నాం చూశారూ, అక్కడుంది నా వాటా. మేం మోసపోయామని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. నూట యాభై రూపాయల్ని నిలబెట్టుకోవడానికి ఇంకో ఇద్దరు పిల్లల మూడొందలు నీళ్ళపాలు చేశాం. ఇరవై ఏళ్ళు దాటాక పేజీన్నర వ్యాసం రాసి, దాని మీద సంతకం పెట్టి, అదే పని చేశాను. ఈసారి దానికి డబ్బు కూడా పుచ్చుకున్నాను.

కిందటి సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు బుజ్జిగాణ్ణి మేడమీదికి తీసుకెళ్ళి నిజం చెప్పేశాను. ‘‘ఆ ఆట నేను ఆడకుండానే రాశానురా. ఆడాక నాకూ నచ్చలేదు. నీతో అబద్ధం చెప్పాను’’ అన్నాను. మూడు వేల అయిదు వందలు కవర్లో పెట్టి ఇవ్వబోతే వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

‘‘నాకు తెలుసు మామయ్యా’’ అన్నాడు. ‘‘నేను కూడా మా క్లాసులో నలుగురికి బావుందనే చెప్పా. ఇద్దరు కొన్నారు.’’

మా వంశంలో ఈ లక్షణం ఎక్కణ్ణుంచి వచ్చిందో!

ఇప్పుడు వాడు ఇంజనీరింగ్‌లో చేరాడు. ఆ ఆటకే మూడో భాగం ఈమధ్య వచ్చింది. ట్రైలరు పడిన రోజే మెసేజి పెట్టాడు, ‘‘మామయ్యా, కొననా?’’ అని. ‘‘పది రోజులు ఆగు. ఆడినవాళ్ళు ఏమంటారో విందాం. నేనూ ఆగుతాను’’ అని జవాబిచ్చాను. ‘‘ఒట్టా?’’ అన్నాడు. ‘‘ఒట్టు’’ అన్నాను. ఈసారి ఏ పత్రికకీ ముందస్తు వ్యాసం రాయలేదు. ఒకరు అడిగారు కూడా, కాదన్నాను.

విడుదలైన రోజు రాత్రి నా గదిలో ఒక్కణ్ణే వున్నాను. ఊరికే చూద్దామని ట్రైలరు పెట్టాను. చివర్లో, సరిగ్గా పేరు పడేచోట, మొదటి భాగంలోని ఆ పాత వేణువు బిట్టు రెండు క్షణాలు వినిపించింది. అంతే. కార్డు నంబరు ఆ అంగడి దగ్గర ముందే వుందాయె. నాలుగు నొక్కుళ్ళు.

అర్ధరాత్రి దాటింది. మొదటి ఊరి పొలిమేరలో నిలబడి వున్నాను. తెర మూలన చిన్న గళ్ళపెట్టె తెరుచుకుంది.

‘‘మామయ్యా, నీ పేరు పక్కన పచ్చదీపం వెలుగుతోంది. దాని కింద ఆట పేరు కూడా కనబడుతోంది.’’

మీటల మీద నా చేతులు అలాగే వుండిపోయాయి. ఒక నిమిషం గడిచింది. ఇంకోటి వచ్చింది.

‘‘పోనీ, ఎలా వుందో చెప్పు.’’

‘అదిరి’ అని టైపు చేసి, చెరిపేశాను. ఈ వ్యాసం పంపే వేళకి వాడికింకా జవాబివ్వలేదు. ఇప్పటికి ఆడింది ఆరు గంటలే.